కౌంట్లు, నాయంకరులు, పాలెగాళ్లు: హోదాకు భూమి ఎందుకిచ్చారు?

1802లో ఈస్టిండియా కంపెనీ వెంకటగిరి, శ్రీకాళహస్తి, కార్వేటినగరం పాలెగాళ్లకు శాశ్వత సన్నదులు రాసిచ్చింది. అప్పటిదాకా కంపెనీ కాగితాల్లో వాళ్లు ‘పశ్చిమ పాలెగాళ్లు’. సన్నదు చేతికి రాగానే జమీందార్లయ్యారు. ఆ తర్వాత మూడేళ్లు తిరక్కముందే అదే కంపెనీ చిత్తూరు చుట్టుపక్కల నరగంటి, కల్లూరు, పులిచెర్ల, పాకాల వంటి చిన్న పాళేల మీదికి సైన్యాన్ని నడిపించింది. 1804-05లో అక్కడి పాలెగాళ్లు తిరగబడితే అణచివేసి, పాళేలను సర్కారులో కలిపేసుకుంది. నేటి తిరుపతి, చిత్తూరు జిల్లాల చరిత్ర రాసేవాళ్లు మొదటి జట్టును రాజుల అధ్యాయంలోనూ, రెండో జట్టును అల్లర్ల అధ్యాయంలోనూ పెడుతుంటారు. ఈ విభజనను ఒప్పుకోలేం. 1800 నాటికి ఈ రెండు జట్లూ చేస్తున్న పని ఒకటే, అధికారం సంపాదించుకున్న తీరూ ఒకటే. వాళ్లను విడదీసింది వంశమూ కాదు, విస్తీర్ణం ఒక్కటే కూడా కాదు. ఒకరి పదవిని కంపెనీ ఆస్తిగా మార్చి రాసిచ్చింది, మరొకరిది లాగేసుకుంది. ఈ మార్పు స్వభావం తెలియాలంటే యూరప్‌లో కౌంట్ల హోదా, వాళ్ల భూములు నడిచిన దారిని పక్కన పెట్టుకుని చూడడం చాలా ఉపయోగం. అక్కడ అయిదారు వందల ఏళ్లలో జరిగింది ఇక్కడ కొద్ది ఏళ్లలో జరిగిపోయింది.

షార్లమేన్ కాలంలో, అంటే ఎనిమిదో శతాబ్దం చివర, తొమ్మిదో శతాబ్దం మొదట, కౌంటు అంటే రాజోద్యోగి. ఒక్కో సీమకు ఒక్కొక్కరిని చక్రవర్తి నియమించేవాడు. న్యాయసభ నడపడం, కప్పాలు రాబట్టడం, పిలుపు వస్తే తన సీమ బలగంతో యుద్ధానికి వెళ్లడం అతని విధులు. జీతం నగదు రూపంలో లేదు. పదవితోపాటు కొన్ని భూముల ఆదాయం వచ్చేది, న్యాయసభలో వసూలైన జరిమానాల్లో మూడో వంతు దక్కేది. పదవి పోతే ఆ భూమీ పోవాలి. తనిఖీకి రాజదూతలు జంటలుగా తిరిగేవారు. ఈ ఏర్పాటులోనే ఒక చిక్కుంది. జీతంగా ఇచ్చిన భూమి మీద ఒక మనిషి ఇరవై ఏళ్లు కూర్చుంటే అక్కడి రైతులూ, సైనికులూ, పూజారులూ అతని మనుషులవుతారు. అతను చనిపోతే ఆ మనుషులు అతని కొడుకునే కోరుకుంటారు. 877లో బోడితల చార్లెస్ ఇటలీకి బయల్దేరుతూ క్యేర్జీలో చేసిన శాసనం దీనికే అద్దం పడుతుంది. తాను లేని సమయంలో ఏ కౌంటైనా మరణిస్తే అతని కొడుకు హక్కును మన్నించేలా అందులో ఏర్పాటుంది. వారసత్వాన్ని ఆ శాసనమే సృష్టించిందనడం అతిశయోక్తి. అది ఒక ప్రయాణం కోసం చేసిన తాత్కాలిక ఏర్పాటు. కానీ ఆచారం అప్పటికే ఎటు ఒరిగిందో అది చెబుతోంది. ఆ తర్వాత రెండు మూడు తరాల్లో ఫ్లాండర్స్, ఆంజూ, తులూజ్, బార్సిలోనా సీమలు వంశాల సొత్తయ్యాయి. 888లో పారిస్ కౌంటు ఓడో ఏకంగా ఫ్రాంకుల రాజయ్యాడు. అతని తమ్ముడి మనవడు హ్యూ కాపే 987లో సింహాసనమెక్కి మొదలుపెట్టిన వంశమే ఆ తర్వాత ఫ్రాన్సును శతాబ్దాలపాటు ఏలింది.

ఓడో కథ వింటే మన చంద్రగిరి గుర్తుకు రావాలి. సాళువ నరసింహుడు విజయనగర చక్రవర్తుల కింద చంద్రగిరి సీమను ఏలినవాడు. పైనున్న సంగమ వంశం బలహీనపడి రాజ్యం చెదిరిపోయే దశలో, 1485 ప్రాంతంలో, తానే సింహాసనం అందుకున్నాడు. రాజు కావడానికి ఎన్నో ఏళ్ల ముందు నుంచే తిరుమల శాసనాల్లో ఆయన దానాలు కనిపిస్తాయి. సీమను పాలించే అధికారి ఆ సీమలోని గొప్ప దేవాలయాన్ని ఆశ్రయించి, గ్రామాలిచ్చి, ఉత్సవాలు ఏర్పాటుచేసి తన హోదాకు దేవుడి సాక్ష్యం సంపాదించుకున్నాడు. ఫ్రాన్సు కౌంట్లు మఠాలను పోషించిందీ ఇందుకే. ఆ తర్వాతి తరం విజయనగర వ్యవస్థను పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఫెర్నావో నూనిజ్ 1535 ప్రాంతంలో వివరంగా రాశాడు. ఆయన లెక్కలో రాజ్యం రెండు వందలకు పైగా నాయకుల మధ్య పంచి ఉంది. భూమి రాజుది, నాయకులు రాజు చేతి మీదుగా దాన్ని అనుభవిస్తారు. వచ్చే రాబడిలో సగం రాజుకు కట్టాలి, మిగిలిన సగంతో ఇన్ని గుర్రాలు, ఇన్ని ఏనుగులు, ఇంత కాల్బలం అని విధించిన లెక్క ప్రకారం సైన్యాన్ని సిద్ధంగా ఉంచాలి. తొమ్మిది రోజుల మహర్నవమి పండగలో ఆ పద్దు తేల్చుకోవాలి. దీన్నే అమర నాయంకరమన్నారు. షార్లమేన్ కౌంటుకూ, కృష్ణదేవరాయల నాయంకరుడికీ మధ్య ఏడు శతాబ్దాల దూరముంది, ఒకరి ఊసు ఒకరికి తెలిసే అవకాశమే లేదు. అయినా నగదు జీతాలిచ్చి దూరదేశాలను పాలించడం సాధ్యం కాని రాజ్యానికి మిగిలే మార్గం ఇద్దరికీ ఒక్కటే అయింది.

ఆ మార్గంలోని చిక్కు కూడా ఒక్కటే. 1565 రాక్షసతంగడి యుద్ధం తర్వాత అరవీటి రాజులు పెనుకొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి, వేలూరికి రాజధానులు మార్చుకుంటూ వచ్చారు. రాజు ఒక్కో కోట వెనక్కి జరిగినప్పుడల్లా నాయకుడు ఒక్కో మెట్టు పైకెక్కాడు. దీనికి మన దగ్గరున్న గట్టి సాక్ష్యం దామెర్ల వారిది. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు కోరమాండల్ తీరంలో ఒక ఇసుక దిబ్బను ఇంగ్లీషు కంపెనీ తరఫున వచ్చిన ఫ్రాన్సిస్ డేకు కోట కట్టుకోవడానికి ఇచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం వెలిసింది. ఇచ్చింది నాయకుడే గాని, పై రాజు ముద్ర లేకపోతే ఆ హక్కు నిలవదన్న అనుమానం కంపెనీకి పోలేదు. అందుకే 1645లో శ్రీరంగరాయల దగ్గర మళ్లీ పట్టా సంపాదించుకుంది. నాయకుడి మాట చెల్లుతోంది, రాజు ముద్రకు విలువ పోలేదు: పదవి ఆస్తిగా మారుతున్న సంధికాలం ఈ రెండు పత్రాల మధ్య ఉన్న ఆరేళ్లలో స్పష్టంగా కనిపిస్తుంది. మరో నూట అరవై ఏళ్లకు ఆ దామెర్ల వారి ఇంటికే, కాళహస్తి పాలెగాళ్లకే, కంపెనీ శాశ్వత సన్నదు ఇచ్చింది. పుచ్చుకున్నవాడు ఇచ్చేవాడయ్యాడు. కంపెనీ కొత్తగా సృష్టించిన హక్కేమీ అందులో లేదు, తనకు పూర్వం ఎవరి చేతి మీదుగా వచ్చిందో వాళ్లకే షరతులు మార్చి తిరిగి రాసిచ్చింది.

షరతుల్లో ఏం మారిందో చూడాలంటే, సన్నదుకు ముందు పాలెగాడి దగ్గరున్న భూమి ఎలాంటిదో కాస్త దగ్గరగా చూడాలి. అతని ఆదాయంలో సొంత సేద్యం చాలా చిన్న భాగం. పెద్ద భాగం కావలి రుసుము. తన హద్దులో ఊళ్లనూ, బాటలనూ, సంతలనూ కాపాడినందుకు రైతుల పంటలోనూ, వర్తకుల సరుకులోనూ వచ్చే వాటా అది. ఈ కావలికి ఒక కఠినమైన షరతు ఉండేది. హద్దులో దొంగతనం జరిగితే సొత్తు పట్టి తేవాలి, లేదా నష్టం భరించాలి. కాపలా కాసే బంట్లకు పాలెగాడు నగదు ఇచ్చేది తక్కువ. కట్టుబడి మీద తలా కాస్త భూమి ఇచ్చేవాడు. రాజు తనకు చేసిన ఏర్పాటునే అతను తన బంట్లకు చేశాడన్నమాట. ఇక చెరువులు. గొలుసుకట్టు చెరువుల మీద బతికే ఈ సీమలో చెరువు తవ్వించినవాడికో, మరమ్మతు చూసేవాడికో ఆయకట్టు రాబడిలో పదో వంతు దశబంధం ఇనాముగా ముట్టేది. ఒకే మడి మీద రాజుకు, పాలెగాడికి, కట్టుబడి బంటుకు, దశబంధదారుకు, గుడికి, సేద్యం చేసే రైతుకు వేర్వేరు హక్కులుండేవి. ఒక్కో హక్కు వెనకా ఒక పని ఉంది. ఆ భూమి ఎవరి సొంతం అని అడిగితే ఆ కాలపు మనిషికి ప్రశ్నే అర్థమయ్యేది కాదు. పదో శతాబ్దపు ఆంజూలో అడిగినా అంతే.

చిత్తూరు పాళేలకు ఇంకో ప్రత్యేకత ఉంది, దాన్ని చరిత్రకారులు చాలినంతగా పట్టించుకోలేదనిపిస్తుంది. మైసూరు పీఠభూమి నుంచి ఆర్కాటు మైదానానికి దిగే కనుమలు ఈ పాళేల మధ్యే ఉన్నాయి. 1740 మే నెలలో రఘోజీ భోంస్లే మరాఠా సేనలతో దిగివచ్చి ఆర్కాటు నవాబు దోస్త్ అలీని హతమార్చింది దామలచెరువు కనుమ దగ్గరే. హైదరాలీ దండయాత్రలూ ఈ వైపు నుంచే సాగాయి. ఆయన 1782 డిసెంబరులో కన్నుమూసింది చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలోనే. కనుమ ఎవరి చేతిలో ఉంటే ఆర్కాటు తాళం వాళ్ల చేతిలో ఉన్నట్టు. యూరప్‌లోనూ సరిహద్దు సీమల కౌంట్లకు మిగతావాళ్లకంటే ఎక్కువ బలగం, ఎక్కువ స్వేచ్ఛ ఇవ్వక తప్పలేదు. జర్మన్ దేశాల్లో వాళ్లకు మార్క్‌గ్రాఫ్ అని వేరే హోదాయే ఏర్పడింది. సరిహద్దు కాపలాదారును బలహీనంగా ఉంచితే శత్రువు లోపలికొస్తాడు, బలంగా ఉంచితే అతనే మాట వినడు. నరగంటి, కల్లూరు పాలెగాళ్ల మొండితనాన్ని వాళ్ల గుణదోషంగా రాసిన కంపెనీ అధికారులు ఈ భౌగోళిక కారణాన్ని పక్కన పెట్టారు.

కంపెనీ ఏం చేసిందో ఇప్పుడు తేలిగ్గా కనిపిస్తుంది. 1792 ఒప్పందంతో నవాబు పేరు మీద పశ్చిమ పాలెగాళ్ల పేష్కష్ (కప్పం) వసూలు చేసే అధికారం దానికి దక్కింది. 1801లో కర్ణాటక రాజ్యం మొత్తం చేతికొచ్చింది. మరుసటి ఏడాది 25వ రెగ్యులేషన్ కింద శాశ్వత శిస్తు స్థిరపరిచారు. వెంకటగిరి మొదలైన సంస్థానాలకు అప్పటిదాకా ఉన్న సైనిక సేవ బాధ్యతను రద్దుచేసి, దానికి బదులు డబ్బు లెక్కగట్టి పేష్కష్‌లో కలిపారు. మధ్యయుగపు ఇంగ్లండులో సైనిక సేవకు బదులు రుసుము పుచ్చుకున్న రాజులు చేసింది కూడా ఇదే. నిర్ణీత తేదీకి డబ్బు కడితే ఎస్టేటు వంశపారంపర్యం, కట్టకపోతే వేలం. బంట్లు అక్కర్లేదు, పోలీసు అధికారం సర్కారుది. హోదా మిగిలింది, భూమి మిగిలింది, ఆ రెండింటికీ మూలమైన పని మాత్రం పోయింది. చిత్తూరు పాలెగాళ్ల విషయంలో పని తీసేస్తే మిగిలేది చాలా తక్కువ. వాళ్ల బతుకంతా కావలి మీద, బంట్ల మీద ఆధారపడింది. పెద్ద సంస్థానానికి ఊళ్ల శిస్తు ఉంది కనుక బేరం కుదిరింది. చిన్న పాళేనికి ఆ బేరంలో చావే కనిపించింది. వాళ్లు బకాయిపెట్టారు, పిలిస్తే రాలేదు, చివరికి అడవుల్లోకి వెళ్లి పోరాడారు. దీన్ని కేవలం క్రమశిక్షణారాహిత్యంగా చూడడం అన్యాయం.

పక్కనున్న దత్త మండలాల్లో థామస్ మన్రో ఇంకో దారి తొక్కాడు. మదనపల్లె, వాయల్పాడు ప్రాంతాలు అప్పుడు ఆయన కిందే ఉన్నాయి. 1800లో ఆయన బాధ్యత తీసుకునేనాటికి అక్కడ ఎనభై మంది దాకా పాలెగాళ్లున్నారు. అందరితోనూ సన్నదు బేరాలు ఆయనకిష్టం లేదు. రైతుతో నేరుగా శిస్తు కుదుర్చుకుని, పాలెగాళ్లలో చాలామందిని తప్పించి పింఛనుకు పరిమితం చేశాడు. రైతు కోణం నుంచి చూస్తే ఇందులో మంచి ఉంది, దాన్ని దాచకూడదు. మధ్యవర్తి పోవడం సేద్యగాడికి మేలే. కానీ పింఛను తరతరానికీ పంపకాల్లో చీలిపోయింది. కర్నూలు సీమలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి దక్కిన వాటా నెలకు 11 రూపాయల చిల్లర. 1846లో ఆయన తిరగబడినప్పుడు చుట్టూ చేరినవాళ్లలో పూర్వపు కట్టుబడి బంట్లు ఎందుకంత మంది ఉన్నారో గమనిస్తే, పాలెగాడి హోదా పోయినప్పుడు అతని కింద చిన్న చిన్న ఇనాములు అనుభవించిన వందల కుటుంబాలు కూడా వీధిన పడ్డాయని తెలుస్తుంది. 1847 ఫిబ్రవరిలో ఆయన్ను ఉరితీశారు.

ఈ పోలికకు రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, పాలెగాడు దోపిడీదారు, కౌంటు రాజోద్యోగి, ఇద్దరినీ ఒక గాటన కట్టకూడదని. పాలెగాళ్ల చేతిలో ఊళ్లు పడ్డ బాధలు నిజమే. కావలి రుసుము పేరుతో బెదిరింపు వసూళ్లు జరిగాయి, పక్క పాళెం మీద పగతో పశువులు తోలుకుపోయారు. అయితే యూరప్ కౌంట్లను వాళ్ల సమకాలికులు ఎలా చూశారో కూడా చదవాలి. ఆంజూ కౌంటు ఫుల్క్ నెర్రా కోటలు కట్టించినంత ఉత్సాహంగా పొరుగు ఊళ్లను తగలబెట్టించాడు. పాపపరిహారం కోసం పదేపదే జెరూసలేము యాత్ర చేశాడు. 989లో షారూ పట్టణంలో సమావేశమైన బిషప్పులు గుళ్లను, పేదల పశువులను దోచేవాళ్లను వెలివేస్తామని ప్రకటించాల్సి వచ్చింది. ఆ దోచేవాళ్లలో ఎక్కువమంది కౌంట్ల, కోటదార్ల మనుషులే. పై అధికారం సన్నగిల్లినచోట కాపలాదారే దోపిడీదారు కావడం రెండు ఖండాల్లోనూ జరిగింది. ఒకరి దౌర్జన్యాన్ని వీరత్వంగా, మరొకరి దౌర్జన్యాన్ని జాతి స్వభావంగా రాయడం వలసపాలన అలవాటు. మనం దాన్ని మోయనక్కరలేదు.

రెండో అభ్యంతరం బరువైనది. ఇది యూరప్ ఫ్యూడలిజాన్ని మన చరిత్ర మీద రుద్దడం కాదా? ఈ వాదం మన దేశంలో చాలాకాలం నడిచింది. ఆర్.ఎస్. శర్మ 1965లో భారతీయ ఫ్యూడలిజం గురించి పుస్తకం రాస్తే, హర్బన్స్ ముఖియా అసలు ఇక్కడ ఫ్యూడలిజం ఉందా అని ఎదురు ప్రశ్న వేశారు. విజయనగరాన్ని బర్టన్ స్టైన్ ఒక రకంగా, నొబోరు కరషిమా ఇంకో రకంగా అర్థం చేసుకున్నారు. ముఖియా ప్రశ్నలో బలముంది. ఇక్కడి రైతు పశ్చిమ యూరప్ సెర్ఫులా భూస్వామి పొలానికి చట్టపరంగా కట్టుబడినవాడు కాడు. ఇక్కడ కులం, గ్రామ మిరాశీలు అధికారానికి వేరే పునాది వేశాయి. దొర చేతుల్లో చేతులుంచి ప్రమాణం చేసే తంతు గానీ, సాటి దొరల సభలో విచారణ పొందే హక్కు గానీ నాయంకరుడికి లేదు. ఈ తేడాలన్నీ ఒప్పుకోవాల్సిందే. పైగా యూరప్‌లోనే ఫ్యూడలిజం అనే చట్రం సరిపోదని సూసన్ రేనాల్డ్స్ 1994లో గట్టిగా వాదించారు. అందుకే ఇక్కడ చేస్తున్న పోలిక సమాజాల మధ్య కాదు, ఒక ఏర్పాటుకు సంబంధించింది మాత్రమే. సేవకు బదులు భూమి మీద రాబడి ఇవ్వడం, ఇచ్చినవాడు బలహీనపడగానే అది వారసత్వం కావడం, కొత్త బలవంతుడు వచ్చి సేవను తీసేసి మిగిలినదాన్ని ఆస్తి అనడం. ఈ మూడు దశలకు సెర్ఫులు ఉండాల్సిన పని లేదు.

అసలు తేడా మూడో దశలోనే ఉంది. ఫ్రాన్సు రాజులు కౌంటీలను ఒక్కొక్కటిగా, ఒక్కో ఉపాయంతో కలుపుకున్నారు. 1204లో ఆంజూ యుద్ధంతో వచ్చింది, 1271లో తులూజ్ వారసులు లేక వచ్చింది, షాంపేన్ పెళ్లి వల్ల వచ్చింది. ఆ లోపల కౌంట్ల వంశాలు రాజసభలోకి, సైన్యంలోకి, చర్చిలోకి సర్దుకోవడానికి తరాల వ్యవధి దొరికింది. 1789 ఆగస్టులో విప్లవసభ దొరతనపు హక్కుల మీద వేటు వేసి, 1790 జూన్‌లో బిరుదులనే రద్దుచేసేనాటికి ఆ హక్కులకు ఎదురు నిలిచినవాళ్లు సొంత దేశపు రైతులే. నెపోలియన్ 1808లో మళ్లీ కౌంటు బిరుదులిచ్చాడు గాని ఏలడానికి సీమ ఇవ్వలేదు. 1919 జర్మన్ రాజ్యాంగం బిరుదును ఇంటిపేరులో ఒక ముక్కగా మిగిల్చింది. మన దగ్గర సేవను తీసేసింది లాభం లెక్క చూసుకునే పరాయి కంపెనీ. అది వెళ్లేదాకా జమీందారుకు సర్దుకునే వ్యవధి దొరికింది గాని రైతుకు దొరకలేదు. చెరువు పూడిక తీయించాల్సిన బాధ్యత సన్నదు తర్వాత ఎవరిదన్నది తగాదాగా మారింది. రైతు సాగుహక్కుకు చట్టం దన్ను దొరకడానికి 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం దాకా, ఎస్టేట్లు రద్దు కావడానికి 1948 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే పాలెగాడు జమీందారైన 146 ఏళ్ల తర్వాత.

ఈ సంస్థానాలు వేరే ఏ సేవా చేయలేదనడం తప్పు. కార్వేటినగరం ఆస్థానంలో సారంగపాణి పదాలు, గోవిందసామయ్య వర్ణాలు పుట్టాయి. అక్కడి స్కందపుష్కరిణి రాతి శిల్పాలు ఇవాళ్టికీ చూడదగ్గవి. వెంకటగిరి నేతకు సంస్థానం ఇచ్చిన ఆదరణ ఇంకా మగ్గాల మీద బతికుంది. కళాపోషణ నిజమైన సేవే. కాకపోతే అది ఇష్టమైతే చేసేది. కావలి మాత్రం చేయకపోతే నష్టపరిహారం కట్టాల్సిన పని. రెండు రకాల హోదాలను ఈ తేడాతోనే కొలవాలి.

ఇక ముందు చేయాల్సిన పరిశోధన ఎక్కడ ఉందో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. పాళేలు పోతున్న ఆ ఏళ్లలోనే కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫీయతులు, అంటే స్థానిక చరిత్రలు, రాయించారు. పాలెగాళ్ల వంశచరిత్రల్లో మొదట వచ్చేది ఎకరాల లెక్క కాదు. మూలపురుషుడు ఏ రాజు దగ్గర కొలువు చేశాడు, ఏ యుద్ధంలో నిలబడ్డాడు, ఏ పులిని చంపాడు, అందుకు ఏ బిరుదులు, ఏ పాళెం దక్కాయి అన్న వరసలో ఆ కథ నడుస్తుంది. ఇదంతా కల్పన అని తోసేసిన పండితులున్నారు. పులికథ కల్పనే కావచ్చు. భూమి పనికి ప్రతిఫలంగా వచ్చిందన్న వాళ్ల లెక్క మాత్రం నూనిజ్ రాసినదానితో సరిపోతోంది, 1802 సన్నదులతో సరిపోవడం లేదు. చిత్తూరు పాళేల కైఫీయతులనూ, వెంకటగిరి, కాళహస్తి, కార్వేటినగరాల సన్నదులనూ, 1804-05 నాటి కంపెనీ లేఖలనూ ఒకే బల్ల మీద పెట్టి, ఊరి వారీగా ఎవరికి ఏ కావలి ఉండేదో, అది పోయాక ఆ కట్టుబడి మడులు ఎవరి పేరు మీదికి మారాయో తేల్చే గ్రంథం తెలుగులో రావాలి.